ఎవరూ నాటని పొద

మొయ్‌నాఖ్,
మార్చి 23, 1997

ప్రేమతో ఉల్జాన్ అక్కకి,

నీ ఉత్తరం ఆస్పత్రికే వచ్చింది. ఇంటి చిరునామాకి రాయకుండా మంచి పని చేశావు. బావ చూసిన ఇల్లు మాకు సరిపోతుంది. రెండు గదులు, ఇటుక పొయ్యి, వీధి దాటితే మీ గుమ్మం, అంతకంటే ఏం కావాలి? మీ ఊరి ఆస్పత్రిలో నర్సు ఉద్యోగం ఖాళీ ఉందన్నావు కాబట్టి నా కాగితాల నకళ్లు ఈ కవరులోనే పెడుతున్నాను. అక్టోబరులో వస్తామని బావకి చెప్పు. అంతకుముందు కుదరదు. పసిపిల్లలకి జబ్బులు వచ్చేది వేసవిలోనే, అప్పుడు మాకు సెలవులివ్వరు.

"మీ ఆయన ఒప్పుకున్నాడా?" అని రెండు చోట్ల అడిగావు. ఎసెన్‌కి నేనింకా చెప్పనేలేదు. చెప్పినా రాడు. సముద్రం ఎండి వెనక్కి వెళ్లిపోయిన తరవాత కూడా నాలుగేళ్లు ఇసుకలో కూరుకున్న పడవ దగ్గరికి వెళ్లి ఇంజనుకి నూనె రాసి వచ్చిన మనిషి. ఇప్పుడు మంచినీళ్ల బండి నడుపుతున్నాడు. పొద్దున్నే వీధి వీధికీ నీళ్లు పోసి, మధ్యాహ్నం వచ్చి, టీ తాగి పడుకుంటాడు. వాళ్లమ్మ ఖనీపా అత్తయ్య సంగతి నీకు తెలుసు. ఆవిణ్ణి గుమ్మం అవతల గుంజకి కట్టేసినా తెంపుకుని ఇంట్లోకే వచ్చేస్తుంది, ఊరు కదలదు. అందుకని అయ్‌పారాని తీసుకుని నేనే వస్తాను. మా పిల్లకి తొమ్మిదేళ్లు నిండాయి. పోయిన చలికాలం, దాని ముందు ఎండాకాలం కలిపి ఎనిమిదిసార్లు దగ్గుతో మంచాన పడింది. ఈశాన్యం గాలి వీచిన రోజు దాని దిండు మీద వేలితో పేరు రాయొచ్చు, అంత దుమ్ము. అది ఒక కారణం. ఇంకో కారణం ఉంది. అది రాయడానికి ఇవాళ ఓపిక లేదు.

కొత్త ఏడు వచ్చింది, నవ్రూజ్ మొన్ననే అయింది. పండగ గంజి కాశాను, ఏడు రకాల దినుసులూ దొరకలేదు, ఐదింటితోనే సరిపెట్టాను. పండగ మర్నాడు ఎసెన్ చింబాయ్ సంతకి వెళ్లి జల్దారు పండ్ల మొక్క తెచ్చాడు. ఏటా తెస్తాడు. ఇది పదకొండోది. ఎప్పుడూ ఒకే చోట, నేను వంట చేసే గది కిటికీకి ఎదురుగా, మోకాలి లోతు గొయ్యి తీస్తాడు. పాత మట్టి తీసి పారేసి, కాలవ గట్టు నుంచి బండిలో తెచ్చిన మట్టి నింపుతాడు. బండి అడుగున మిగిలిన మంచినీళ్లు బకెట్లతో పోస్తాడు. మేలో ఆకులు బాగానే వస్తాయి. జూన్ మొదట్లో అంచులు మాడతాయి. జులైలో మొదలు చుట్టూ తెల్లగా ఉప్పు పొర కడుతుంది, అడుగేస్తే కరకరలాడుతుంది. ఆగస్టులో చస్తుంది. కింద రెండు గజాల్లోనే ఉప్పునీళ్లున్నాయి, వేరు అక్కడికి వెళ్లగానే అంతే. ఇది నేను పదేళ్లు కిటికీలోంచి చూసి చెప్తున్న సంగతి. ఈసారి తేవద్దని ముందే అన్నాను. "ఈసారి బతుకుతుంది" అన్నాడు. ఏటా అదే మాట, అదే గొంతు.

నేను వేరే పని చేశాను. నిన్న డాక్టరుగారితో పాత రేవు అవతలి గుడిసెలకి టీకాలు వేయడానికి వెళ్లినప్పుడు దారిలో జింగిల్ పొదలు కనిపించాయి. నీకు గుర్తుండే ఉంటుంది, సన్న ఆకు, ఎర్రటి కొమ్మ, చిన్నప్పుడు మనం తందూరులోకి కోసుకొచ్చేవాళ్లం. ఇంకా చిగురు వేయలేదు. డ్రైవరు కత్తి అడిగి, వేలి లావు కొమ్మలు నలభై కోశాను. ఒక్కోటి చెయ్యంత పొడుగు. ఇంటికొచ్చి ఈశాన్యం వైపు కంచె పొడుగునా, అడుగున్నరకి ఒకటి చొప్పున, మూడొంతుల్లో రెండొంతులు నేలలోకి దింపాను. బట్టలు ఉతికిన నీళ్లు పోశాను. మంచినీళ్లు దండగ చేయలేదు. ఈ వేసవి గడవాలి, పిల్ల పక్క మీదికి ఇసుక రాకూడదు, నాకు అంతే కావాలి. ఈ ఊళ్లో ఇంత తొందరగా ఎదిగేది ఇంకోటి లేదు.

అత్తయ్య బయటికొచ్చి చూసింది. తరవాత నాతో కాకుండా కంచెతో మాట్లాడుతున్నట్టు అంది:

"మనుషులు వెళ్లిపోయిన ఇంట్లోకి అదే వస్తుంది. దాన్ని ఎవరూ నాటరు. ఈవిడ ముందే పిలుచుకొచ్చింది."

ఎసెన్ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. టీ గిన్నె ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. నావైపు చూడలేదు. మేం వెళ్లిపోయే సంగతి తెలిసిపోయిందేమో అనుకున్నాను. తెలిసినట్టు లేదు. లేచి జల్దారు మొక్కకి నీళ్లు పోయడానికి వెళ్లాడు.

బావకి నమస్కారాలు చెప్పు. జవాబు ఆస్పత్రికే రాయి.

నీ చెల్లెలు
తాజాగుల్


మొయ్‌నాఖ్,
జులై 20, 1997

అక్కా,

మూడు నెలలుగా రాయలేదని కోప్పడ్డావు. రాయడానికి వీలు లేక కాదు. రాయాల్సింది ఇంకా రాయలేదు కాబట్టి చిన్న చిన్న సంగతులు రాయబుద్ధి కాలేదు. ఇవాళ ఆస్పత్రిలో మధ్యాహ్నం నుంచి రోగులెవరూ లేరు. మందుల గది తలుపేసుకుని కూర్చున్నాను.

ముందు పొదల సంగతి. నలభైలో ముప్పై నాలుగు చిగిర్చాయి. ఏప్రిల్ చివర ఎర్రటి కొమ్మ మీద ఆవగింజంత పచ్చని మొటిమలు కనిపించాయి. మే సగంలో జానెడు. ఇప్పుడు నా నడుం దాకా వచ్చాయి. వాటికి వారానికి రెండుసార్లు మురికినీళ్లు పోయడం తప్ప నేను చేసిందేమీ లేదు. అయ్‌పారా ఆకులు నాకి చూసి, "అమ్మా, ఉప్పగా ఉన్నాయి" అంది. అవి నేలలోని ఉప్పు పీల్చి ఆకుల మీద కక్కేస్తాయి. అది వాటి పద్ధతి. పొద్దున్నే మంచు పడితే ఆకుల నుంచి కారే నీటిబొట్టు కూడా ఉప్పే. పిల్లకి ఇదో ఆట అయిపోయింది, వీధిలోంచి నలుగురైదుగురు ఆడపిల్లల్ని వెంటబెట్టుకొచ్చి వాళ్ల చేత ఆకులు నాకిస్తోంది.

ఊళ్లో వాళ్లు ఊరుకుంటారా? పక్కింటి ఓతెబాయ్ ముసలాయన కంచె మీద మోచేతులు ఆనించి, "ఏం కోడలా, వచ్చే ఏడు ఒంటెల్ని పెంచుతావా? మేత అయితే సిద్ధం చేశావు" అన్నాడు. ఆస్పత్రిలో ఆయా, "నర్సమ్మా, మా వెనక తిప్ప మీద బోలెడు కలుపుంది, అది కూడా తీసుకెళ్లి నాటుకో" అంది. నవ్వి ఊరుకున్నాను. అక్టోబరుకి వెళ్లిపోయేదాన్ని, వాళ్లతో నాకేం పని?

అత్తయ్య మాత్రం మాటలతో ఆగలేదు. జూన్లో ఒకరోజు నేను డ్యూటీలో ఉండగా తొమ్మిది మొక్కలు పీకేసింది. తన గది కిటికీ ఎదురుగా ఉన్న వరస, మధ్యలోంచి. పీకినవి అరుగు పక్కన వరసగా పేర్చింది, దాచలేదు. వాటికి వేళ్లు అప్పటికే నా మూరెడు దిగాయి. డెబ్బై దాటిన మనిషి అంత బలం ఎక్కణ్ణుంచి తెచ్చుకుందో. నేను ఏమీ అనకముందే చెప్పడం మొదలుపెట్టింది. తను పుట్టింది దీవి మీది పల్లె. చేపలు పోయాక అక్కడివాళ్లంతా ఒకే ఏడాదిలో ఊరొదిలి వెళ్లిపోయారు. ఆరేళ్ల తరవాత తండ్రి సమాధి చూడటానికి వెళ్తే వాళ్ల ఇంట్లో, తను మొదటి బిడ్డని కన్న గదిలో, జింగిల్ కప్పు దాటి ఎదిగి పూసి ఉందట. "గులాబీ రంగు పూలు. అంత ముద్దుగా ఉన్నాయి, నాకు కడుపులో తిప్పింది" అంది. నేను మిగిలిన ఇరవై అయిదు ముట్టుకోవద్దన్నాను. ముట్టుకోనంది. ఆ రోజు నుంచి మేమిద్దరం అవసరమైనంతే మాట్లాడుకుంటున్నాం.

ఇక అసలు సంగతి.

నీకు నా కొడుకు జానబాయ్ గుర్తున్నాడు. నువ్వు వాణ్ణి ఒక్కసారే చూశావు, మూడు నెలలప్పుడు. ఎనిమిదో నెలలో, ఎనభై ఆరు ఆగస్టులో పోయాడు. విరేచనాలని నీకు రాశాను. అది నిజమే. మిగిలింది రాయలేదు. వాడికి డబ్బా పాలు పట్టేదాన్ని. నేను నర్సుని. వచ్చిన ప్రతి తల్లికీ నీళ్లు మరిగించు, బుడగలు వచ్చాక పది నిమిషాలు ఆగు అని చెప్పేదాన్ని. ఆ రోజు పొద్దున స్టవ్‌లో కిరసనాయిలు అయిపోయింది. నీళ్లు వేడెక్కాయి కానీ మరగలేదు. డ్యూటీకి ఆలస్యమైంది. వేలు పెట్టి చూశాను, కాలింది. చాల్లే అనుకుని పాలు కలిపి, సీసా అత్తయ్య చేతిలో పెట్టి వెళ్లిపోయాను. మూడో రోజు రాత్రికి మొదలయ్యాయి. ఆరో రోజు వాడు లేడు. ఆ నీళ్ల వల్లే అని ఏ పరీక్షా చెప్పలేదు. ఆ నెలలో ఊళ్లో ఇంకో పద్నాలుగు మంది పసివాళ్లు పోయారు, వాళ్ల తల్లులందరూ నీళ్లు మరిగించలేదా అంటే నాకు తెలీదు. కానీ నా సంగతి నాకు తెలుసు. పదకొండేళ్లుగా ఇది ఎవరికీ చెప్పలేదు. నీకే మొదట.

ఎసెన్ అప్పటి నుంచి వాడి పేరు ఎత్తలేదు. ఒక్కసారి కూడా. నన్ను ఏమీ అనలేదు. ఆ మరుసటి ఏడాది మార్చిలో మొదటి జల్దారు మొక్క తెచ్చి నా కిటికీ ఎదురుగా పాతాడు. అది ఆగస్టులో చచ్చిపోయింది. సరిగ్గా వాడు పోయిన వారంలోనే. మళ్లీ ఏడు ఇంకోటి. నీకు అర్థమవుతోందా? ప్రతి మార్చిలో ఒకటి నాటుతాడు, అది నా కళ్ల ముందు ఎదుగుతుంది, ప్రతి ఆగస్టులో నా కళ్ల ముందు చస్తుంది. నేను పొయ్యి దగ్గర నిలబడితే చూడక తప్పదు. అతనికి తెలుసు, నోటితో అనలేక ఇలా అంటున్నాడు, అనుకున్నాను. ఇప్పటికీ అదే అనుకుంటున్నాను. కొట్టేవాడైతే వదిలి రావడం తేలిక. ఇతను నా ఎదుట మొక్క నాటుతాడు. దాని గురించి ఎవరితో చెప్పుకోను?

దగ్గు అబద్ధం కాదు. కానీ నేను రావాలనుకున్నది ముందు దీనికే. పిల్ల దగ్గుని అడ్డం పెట్టుకున్నాను. బావకి ఇది చదివి వినిపించొద్దు.

నీ
తాజాగుల్


మొయ్‌నాఖ్,
సెప్టెంబరు 28, 1997

అక్కా,

చిన్న ఉత్తరం. పని ఎక్కువగా ఉంది.

ఆగస్టు 19న జల్దారు పోయింది. సెప్టెంబరు మొదటి వారంలో మూడు రోజులు గాలి. ఎదురిల్లు కనిపించలేదు, పగలే దీపాలు పెట్టుకున్నాం. జింగిల్ పొదలు అప్పటికి నా భుజం ఎత్తున్నాయి. గాలికి నేలదాకా వంగి మళ్లీ లేచాయి, ఒక్కటీ విరగలేదు. వాటి మొదట్లో మూరెడెత్తు ఇసుక ఆగింది. అయ్‌పారా పక్క మీద ఎప్పుడూ పడే దుమ్ములో సగం కూడా పడలేదు. అత్తయ్య పీకేసిన తొమ్మిది మొక్కల ఖాళీలోంచి మాత్రం గాలి నేరుగా ఆవిడ గదిలోకే కొట్టింది. మూడో రోజు పరుపు దులుపుకుంటూ ఆ ఖాళీ వైపు చాలాసేపు చూసింది. 

గాలి ఆగిన రోజు ఎసెన్‌కి చెప్పాను. భోజనం అయ్యాక, పిల్ల బడికెళ్లాక, గిన్నెలు తీస్తూ చెప్పాను: "అక్టోబరులో నేనూ అయ్‌పారా అక్క దగ్గరికి వెళ్తున్నాం. తిరిగి రాం."

"తెలుసు" అన్నాడు.

తపాలా ఆఫీసావిడ ఏప్రిల్లోనే చెప్పిందట, మీ ఆవిడకి ఉత్తరాలు ఆస్పత్రికి వస్తున్నాయేమిటని. మిగిలింది తనే ఊహించుకున్నాడు. ఐదు నెలలు తెలిసి ఊరుకున్నాడు. మరి ఎందుకు అడగలేదన్నాను.

"అడిగితే ఉండిపోతావేమోనని" అన్నాడు. "పిల్లని తీసుకెళ్లు. అక్కడి గాలి మంచిది. అమ్మని నేను చూసుకుంటాను" అన్నాడు.

నేను పోట్లాటకి సిద్ధపడి ఉన్నాను. ఏం చెప్పాలో మాటలన్నీ కూర్చి పెట్టుకున్నాను. ఒక్కటీ పనికి రాలేదు.

ఖొంగిరాత్ స్టేషను నుంచి అక్టోబరు 14 రైలుకి టిక్కెట్లు ఎసెనే కొన్నాడు. బావని మీ ఊరి స్టేషనుకి రమ్మను. మా దగ్గర రెండు పెట్టెలు, ఒక పరుపు చుట్ట ఉంటాయి.

తాజాగుల్


మొయ్‌నాఖ్,
మే 17, 1998

నా ఉల్జాన్ అక్కకి,

ఏడు నెలలు నువ్వు రాయలేదు. న్యాయమే. నువ్వు ఇల్లు సున్నం కొట్టించి, పొయ్యిలో కట్టెలు పేర్చి, బావ రైలు కోసం రోజంతా స్టేషన్లో కూర్చుంటే, నా దగ్గర నుంచి వచ్చింది రెండు మాటల తంతి. "రావడం లేదు." దానికి జవాబు రాయాలనిపించదు. నేనూ ఇన్నాళ్లు రాయలేదు. ఏం జరిగిందో నాకు సరిగ్గా అర్థం కావడానికే ఇంతకాలం పట్టింది. జరిగింది జరిగినట్టు రాస్తాను. చదివి ఏమనుకున్నా సరే.

అక్టోబరు 13 మధ్యాహ్నం. పెట్టెలు కట్టడం అయిపోయింది. మర్నాడు పొద్దున బస్సు. చివరికి వంటగదిలో నాదైన కత్తి, రెండు గిన్నెలు తీసుకుందామని వెళ్లాను. కిటికీలోంచి చూస్తే ఎసెన్ చచ్చిన జల్దారు మొక్కని వేళ్లతో సహా తవ్వుతున్నాడు. ఏటా అక్టోబరులో ఆ పని చేస్తాడు, మళ్లీ ఏడు గొయ్యి సిద్ధంగా ఉండాలి కదా. నేను వెళ్లిపోతున్నాను, ఇంకా ఎవరికి చూపించడానికి తవ్వుతున్నాడు అనిపించింది. బయటికి వెళ్లాను. వెళ్లిపోయేముందు అడిగేస్తే పోతుంది అనుకున్నాను.

"ఏటా నా కిటికీ ఎదురుగానే ఎందుకు నాటుతావు? నన్ను గుచ్చడానికా?"

పార ఆపాడు. అర్థం కానట్టు చూశాడు. ఎసెన్‌కి నటించడం రాదు, ఆ సంగతి నీకూ తెలుసు.

"నువ్వే అడిగావుగా" అన్నాడు.

నేనేమీ అడగలేదన్నాను. అప్పుడు చెప్పాడు. జానబాయ్‌ని పూడ్చి వచ్చిన తరవాత నేను నలభై రోజులు ఎవరితోనూ మాట్లాడలేదట. తిండి పెడితే తినేదాన్నట, కూర్చోబెడితే కూర్చునేదాన్నట. ఒక రోజు ఆ కిటికీ దగ్గర నిలబడి, "ఈ వాకిట్లో పూసేది ఒక్కటి కూడా లేదు" అన్నానట. ఆ నలభై రోజుల్లో నేనన్న మాట అదొక్కటే. నాకు గుర్తు లేదు అక్కా. ఎంత వెతుక్కున్నా గుర్తు రావడం లేదు. అతనికి మాత్రం నేను ఏ బట్టలు వేసుకున్నానో, ఎటు తిరిగి అన్నానో కూడా గుర్తుంది.

"జల్దారు మొదట పూస్తుంది, ఆకు రాకముందే. అందుకని అది తెచ్చాను" అన్నాడు. "చస్తోందని తెలుసు. ఇంకేం తేవాలో తెలియలేదు."

నేను ఆ తవ్విన మట్టి మీదే కూర్చున్నాను. నీళ్లు మరిగించని సంగతి చెప్పాను. పోయిన జులైలో నీకు రాసినట్టే చెప్పాను, ఒక్క మాట ఎక్కువ తక్కువ లేకుండా. అతను విన్నాడు. పార గోడకి ఆనించి నా పక్కన కూర్చున్నాడు.

"కిరసనాయిలు తేవలసింది నేను" అన్నాడు. "నువ్వు సోమవారమే చెప్పావు. పడవ దగ్గరికి వెళ్లి మర్చిపోయాను. బుధవారం తెచ్చాను. నువ్వు ఆ మాట అంటావేమోనని పదకొండేళ్లు ఎదురుచూశాను. నువ్వు జానబాయ్ పేరు కూడా ఎత్తలేదు."

వాడి పేరు ఎత్తనిది అతనని నేననుకున్నాను. నేనని అతననుకున్నాడు. అత్తయ్య అరుగు మీద నుంచి అంతా వింది. లోపలికి వెళ్లి టీ పెట్టి మూడు గిన్నెల్లో పోసి తెచ్చింది. ఆవిడ నాకు టీ పెట్టి ఇవ్వడం పెళ్లయినప్పటి నుంచి అదే మొదటిసారి. పాలు ఎక్కువ పోసింది. తాగాం.

ఉండిపోదామని ఎవరూ అనలేదు. మర్నాడు పొద్దున నేను లేచేసరికి బస్సు వెళ్లిపోయింది. పెట్టెలు రెండు వారాలు గోడ పక్కనే ఉన్నాయి. అందులోంచి ఒక్కో బట్టా అవసరమైనప్పుడు తీసుకుంటూ వచ్చాం. ఒక రోజు చూస్తే ఖాళీ అయ్యాయి. తంతి ఇచ్చింది బస్సు పోయిన రోజే. అందులో ఇంకేం రాయాలో నాకు తెలియలేదు.

దీనివల్ల నేను సంతోషంగా ఉన్నానని అనుకోకు. ఒకటి రెండు నెలలు చాలా కష్టంగా గడిచాయి. పదకొండేళ్లు ఒకే ఇంట్లో మాట్లాడుకోకుండా ఉన్నవాళ్లకి మాట్లాడుకోవడం చేతకాదు. అతను గదిలోకి వస్తే నేను లేచి వెళ్లేదాన్ని. కోపం కూడా వచ్చేది, ఒక్క మాట, ఒకే ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది కదా అని. ఆ కోపం సగం నా మీదే. ఆస్పత్రిలో తల్లులకి నీళ్ల గురించి చెప్పేటప్పుడు ఇన్నేళ్లూ తల వంచుకుని చెప్పేదాన్ని. పోయిన నెల ఒక చిన్న పిల్ల తన పసివాణ్ణి తీసుకొచ్చింది, పంతొమ్మిదేళ్లుంటాయి. ఈసారి ఆమె ముఖంలోకి చూసి నా సంగతి చెప్పాను. ఆ పిల్ల బిడ్డకి గుడ్డ చుట్టుకుంటూ, "మా అత్త చెప్పింది అక్కా. మీ చేతి మీదుగా పుట్టిన పిల్లలందరి తల్లులకీ తెలుసు" అంది. మా అత్తయ్య ఆ రోజు సీసా చేతిలోకి తీసుకున్నప్పుడే మరిగిన నీళ్లంత వేడి లేదని గమనించి, తరవాత ఎవరితోనో అందట. అంటే ఊరంతటికీ తెలుసు. నేను దాచింది నా నుంచే. ఆ బిడ్డ బాగానే ఉన్నాడు. నాలుగు రోజులుంచుకుని పంపించాం.

ఈ మార్చిలో ఎసెన్ చింబాయ్ వెళ్లలేదు. ఒక పొద్దున బండి ఆపి, పాత రేవు దారిలో మంచి కొమ్మలు ఎక్కడున్నాయని అడిగాడు. చెప్పాను. తెచ్చినవాటిలో మూడు నా కిటికీ ఎదురుగా ఉన్న గోతి పూడ్చి అక్కడ నాటాడు. తొమ్మిది అత్తయ్య అడిగి తీసుకుంది. తను పీకిన చోట తనే నాటుకుంది, నన్ను చెయ్యి వేయనివ్వలేదు. ఇప్పుడు ఆవిడ వీధిలో అందరికీ పాఠం చెప్తోంది. "మొదలు వైపే నేలలోకి పోవాలి, తలకిందులు పెడితే చస్తుంది. మొగ్గ విచ్చకముందే కోయాలి. నీళ్లు మొదటి రెండు నెలలే, తరవాత దాని జోలికి పోకు." ఓతెబాయ్ ముసలాయన ఇరవై కొమ్మలు తీసుకెళ్లాడు. ఒంటెలకేనా అని అత్తయ్య అడిగితే నవ్వాడట. మా వీధిలో ఏడిళ్లకి ఇప్పుడు జింగిల్ కంచె ఉంది.

పోయినేటివి నా తల మీదుగా ఒక మూర ఎత్తు ఎదిగాయి. పది రోజుల కిందట పూశాయి. కొమ్మ పొడుగునా సన్న సన్న గులాబీ రంగు గుత్తులు, దూరం నుంచి చూస్తే కంచె మీద పలచని గుడ్డ ఆరేసినట్టుంది. వాసన పెద్దగా లేదు. తేనెటీగలు మాత్రం పొద్దున్నించీ ముసురుతున్నాయి, ఇన్నాళ్లూ ఎక్కడున్నాయో. అత్తయ్యకి కడుపులో తిప్పుతోందా అని అడిగాను. "ఈ ఇంట్లో మనుషులున్నారుగా" అంది.

ఇప్పుడు నీతో అసలు పని. ఈ చలికాలం అయ్‌పారాకి మూడుసార్లే వచ్చింది దగ్గు. పొదల వల్లే అని నర్సుగా నేను చెప్పలేను, చలి కూడా తక్కువే. జులై, ఆగస్టు నెలల్లో గాలి మళ్లీ ఎలా ఉంటుందో తెలీదు. నీకు నా మీద కోపం ఉన్నా పిల్ల మీద ఉండదని తెలుసు. ఆ రెండు నెలలు దాన్ని నీ దగ్గర ఉంచుకుంటావా? మళ్లీ బడి తెరిచేలోపు వచ్చేస్తుంది. నువ్వు సరే అంటే ఎసెన్ తీసుకొస్తాడు. చుట్టుపక్కల సంతలు దాటి ఎక్కడికీ వెళ్లని మనిషి, రైలెక్కుతానన్నాడు. బావ ఆ రోజంతా స్టేషన్లో కూర్చున్నందుకు తనే వచ్చి క్షమించమని అడగాలట. నేను ఉత్తరంలో రాస్తే సరిపోదట.

వచ్చీ రాగానే అడగలేడు, అది నాకు తెలుసు. రెండు రోజులు మీ ఇంట్లో గుమ్మం పక్కన కూర్చుని టీ తాగుతాడు. మీ పెరట్లో ఏదైనా విరిగిపోయి ఉంటే బాగు చేస్తాడు. బావని ఏమీ అడగొద్దని చెప్పు. పక్కన కూర్చుంటే చాలు. మూడో రోజుకి మాట వస్తుంది.

నీ చెల్లెలు
తాజాగుల్